రాసిపెట్టిన చావుకు బాకీ ఎవరిది?

2002 మార్చి 3న భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ ఒకటి కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. ఒకరు అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. ఎదుర్లంక ఆయన సొంత ఊరు. 1996లో ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1998లో స్పీకర్ కుర్చీ ఎక్కారు. రెండోవారు పైలట్. మూడోవారు స్పీకర్ భద్రతాధికారి.

బాలయోగి పేరు మిగిలింది. గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెనకు ఆయన పేరు పెట్టారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో స్టేడియానికి, పార్లమెంటు లైబ్రరీ భవనంలో ఆడిటోరియానికి పెట్టారు. భార్య విజయకుమారి ఆ ఏడాదే అమలాపురం ఎంపీ అయ్యారు. కొడుకు హరీష్ 2024లో అదే స్థానం నుంచి గెలిచారు. ప్రజలు తమ నాయకుణ్ణి మర్చిపోలేదు, అది మంచిదే. కానీ ఆ హెలికాప్టర్లో భద్రతాధికారికి సొంత పనేమీ లేదు. ఇంకొకరి ప్రాణానికి కాపలా కాయడమే ఆయన పని. అలాంటి మనిషి పోయినప్పుడు ఆ ఇంటికి సమాజం ఇచ్చేది దానమా, దయా, బాకీయా? పోలీసు, ఫైర్‌మన్, హోంగార్డు, ఎవరి విషయంలోనైనా ఇదే ప్రశ్న. ఇది ట్రెజరీ ఆఫీసులో తేలే లెక్క అనుకుంటారు గానీ, అసలు ఇది ధర్మసందేహం.

చావు జరిగిన ఇంట్లో గోదావరి జిల్లాల్లో వినపడే మాటలు అందరికీ తెలిసినవే. "ఆయన ఆయుష్షు అంతేనండి." "రాసిపెట్టి ఉందండి, ఎవరు తప్పించగలరు?" చర్చికి వెళ్ళే ఇంట్లోనైతే "ప్రభువు పిలుచుకున్నాడు" అంటారు. ఈ మాటల్లో తప్పేమీ లేదు. పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివాళ్ళు అన్నం క్యారేజీతో వచ్చి పక్కన కూర్చుని ఆ మాట అంటే ఏడుపు కాస్త తెరిపిన పడుతుంది. ముతా యుద్ధంలో జాఫర్ చనిపోయినప్పుడు ఆ ఇంటివాళ్ళకు వంట చేసి పంపమని ప్రవక్త మహమ్మద్ చెప్పారని హదీసుల్లో ఉంది. తత్వం చెప్పకముందే అన్నం పెట్టాలని అన్ని మతాలకూ తెలుసు.

చిక్కంతా అదే మాట బాకీ ఉన్నవాడి నోట వచ్చినప్పుడే. విధిరాత అన్నది దుఃఖంలో ఉన్నవాళ్ళ ఓదార్పు కోసం పుట్టిన మాట. చెల్లించాల్సినవాడు దాన్ని వాడుకుంటే అది తప్పించుకునే మాట అవుతుంది. మహాభారతంలో ధృతరాష్ట్రుడు చేసింది ఇదే. కొడుకును అదుపు చేయాల్సిన ప్రతిసారీ దైవం మీదికి నెట్టాడు. అదే భారతంలో, సభాపర్వంలో, నారదుడు కొత్తగా రాజ్యం చేస్తున్న ధర్మరాజు దగ్గరికి వచ్చి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. కోశం ఎలా ఉంది, చెరువులు నిండాయా, సైనికులకు వేళకు జీతం ఇస్తున్నావా అని అడుగుతూ మధ్యలో ఇంకొకటి అడుగుతాడు: నీ కోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ భార్యలను, నీ కోసం ఆపదలో పడ్డవాళ్ళను పోషిస్తున్నావా? వాళ్ళకు ఆయుష్షు ఎందుకు తీరిందని నారదుడు అడగలేదు. పూర్వజన్మ కర్మ ఊసే ఎత్తలేదు. ఆ నారద ప్రశ్నల ఘట్టాన్ని తెలుగులోకి తెచ్చిన నన్నయ ఇదే గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో కూర్చుని రాశాడు.

కౌటిల్యుడు ఇంకా సూటిగా చెప్పాడు. అర్థశాస్త్రం ఐదో అధికరణంలో, ఉద్యోగుల జీతాలు లెక్కగట్టే చోట, పని మీద ఉండగా చనిపోయినవాళ్ళ భార్యాబిడ్డలకు భత్యం, వేతనం అందాలన్నాడు. వాళ్ళ ఇంట్లోని పసివాళ్ళను, ముసలివాళ్ళను, రోగులను ఆదుకోవాలన్నాడు. ఆ ఇంట్లో చావు జరిగినా, జబ్బు చేసినా, పురుడు వచ్చినా డబ్బు, గౌరవం రెండూ అందాలన్నాడు. ఈ మాటలు దానధర్మాల ప్రకరణంలో లేవు, జీతాల పట్టికలో ఉన్నాయి. జీతమంటే చేసిన పనికి రావాల్సింది. మనిషి పోయాక కూడా ఆ పని విలువ తీరిపోలేదని కౌటిల్యుడి లెక్క.

మనిషి పుడుతూనే అప్పులతో పుడతాడని వేదం చెబుతుంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం గురించి పురోహితులు తరచూ చెబుతారు. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్పింది: తోటి మనుషుల ఋణం. పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో మొదటి మూడే వినబడి నాలుగోది వెనకబడిపోయింది. రోడ్డు మీద నిలబడి ట్రాఫిక్ మళ్ళించే మనిషికీ, మంట వైపు పరిగెత్తే మనిషికీ ఊరంతా బాకీ పడేది ఈ నాలుగో ఖాతాలోనే.

ఖురాన్ నాలుగో సూరాలో పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు మృతుడి కుటుంబానికి రక్తధనం చెల్లించాలని ఉంది. కుటుంబం తనంతట తాను దానంగా వదులుకుంటే తప్ప అది చెల్లించి తీరాలి. సందర్భం వేరే అయినా అక్కడి న్యాయం గమనించదగ్గది. దానం చేసే హక్కు ఇంటివాళ్ళది. చెల్లించేవాడికి ఆ మాట వాడే అర్హత లేదు. మన దగ్గర చెక్కు అందజేసే సభల్లో ఇది తలకిందులవుతుంది. వేదిక మీద పెద్దమనిషి, పక్కన పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ఇల్లాలు, ఇద్దరి చేతుల మధ్య చెక్కు, ఎదురుగా ఫొటోగ్రాఫర్. ఇచ్చేవాడు దాతలా, పుచ్చుకునేది యాచకురాలిలా కనిపించే ఫొటో అది. బాకీ తీర్చేవాడు తల వంచుకుని ఇంటికెళ్ళి ఇవ్వాలి.

దయకూ బాకీకీ తేడా మాటల్లోనే ఉందనుకునేవాళ్ళకు ఓ పరీక్ష ఉంది. భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఏమవుతుంది? సైన్యంలో శౌర్య పతకం పొందినవారి భార్యకు ఇచ్చే నెలవారీ భత్యం, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. మరిదినో బావనో చేసుకుంటే మాత్రం కొనసాగేది. ఆ షరతును రక్షణ శాఖ ఎత్తేసింది 2017 నవంబర్‌లో. దయ అయితే ఇచ్చేవాడికి నచ్చినట్టు బతికినంతకాలమే దక్కుతుంది. బాకీ అయితే అప్పిచ్చినవాళ్ళు ఎవరిని పెళ్ళాడినా తీరాల్సిందే. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. ఆ రోజు నుంచి లెక్కేస్తే ఒక షరతు తొలగడానికి 136 ఏళ్ళు పట్టింది.

రామాయణంలో ఈ విషయానికి దగ్గరగా వచ్చే మనిషి ఒకడున్నాడు. నిజానికి మనిషి కాదు, పక్షి. జటాయువుకు సీత తోబుట్టువు కాదు, తనకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. కళ్ళెదుట అన్యాయం జరుగుతుంటే అడ్డం పడ్డాడు, రెక్కలు తెగి పడిపోయాడు. రాముడు తండ్రికి చేసినట్టే అతనికి దహనం చేశాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ గోదావరికి వెళ్ళి జలతర్పణం విడిచారు. ఈ ప్రాంతం వాళ్ళకు ఆ నీళ్ళు పరాయివి కావు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. జటాయువు అన్న సంపాతికి తమ్ముడు పోయిన సంగతే తెలియదు. కిష్కింధకాండలో సముద్రం ఒడ్డున వానరులు తమలో తాము మాట్లాడుకుంటుంటే విని తెలుసుకున్నాడు. రెక్కలు కాలిపోయి కదల్లేని ఆ ముసలివాణ్ణి నీళ్ళ దగ్గరికి మోసుకెళ్ళింది కూడా ఆ వానరులే. మంత్రాలతో కర్మ చేయడం ఒక ఎత్తు, ఇంటివాళ్ళ దాకా కబురూ సాయమూ చేరడం ఇంకో ఎత్తు. రెండోది ఎప్పుడూ ఆలస్యమే.

2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు ముప్పై మందికి పైగా గ్రేహౌండ్స్ జవాన్లు చనిపోయారు. నీళ్ళలోంచి శరీరాలు బయటికి తీయడానికి రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆ ఇళ్ళలో వాళ్ళు బతికి ఉన్నారని అనుకోవాలో, కర్మ చేయాలో తెలియని స్థితి.

కబురు చేరాక కాగితాలు మొదలవుతాయి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సర్వీస్ రిజిస్టర్ (ఎస్సార్), ఆఖరి జీతం సర్టిఫికెట్, నామినేషన్ కాగితం, బ్యాంకు పాస్‌బుక్. ఎస్సార్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. పెళ్ళికి ముందు నామినీగా తల్లి పేరు రాసిన కుర్రాడు, పెళ్ళయ్యాక మార్చడం మర్చిపోతే అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే దుఃఖంతో రెండు కుర్చీల్లో ఎడమొహం పెడమొహంగా కూర్చుంటారు. బైబిల్ అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో ఇలాంటి గొడవే ఉంది. యెరూషలేములో రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు సహనం మీద ప్రసంగం చేసి ఊరుకోలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఎంపిక చేసి ఆ పనికే నియమించారు. భక్తి లోపాన్ని ప్రార్థన సరిచేయవచ్చు, పంపకంలో లోపాన్ని మాత్రం మనిషిని పెట్టి సరిచేయాలని వాళ్ళకు తెలుసు.

ఇక ఎంత ఇవ్వాలి? కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి తన ఉద్యోగులకు పెట్టిన లెక్క ఇది: విధుల్లో ప్రమాదం వల్ల చనిపోతే 25 లక్షలు, సరిహద్దు ఘర్షణల్లో లేదా తీవ్రవాదులపై చర్యల్లో చనిపోతే 35 లక్షలు, యుద్ధంలో శత్రువు చేతిలో చనిపోతే 45 లక్షలు. ఈ మెట్లు చావుకు కారణమైనవాణ్ణి బట్టి కట్టినవి. వెనక మిగిలిన ఇంటిని బట్టి కట్టినవి కావు. అర్ధరాత్రి హైవే మీద తనిఖీ చేస్తుండగా లారీ గుద్ది చనిపోయిన మనిషి పిల్లల ఫీజులు, సరిహద్దులో తూటా తగిలినవాడి పిల్లల ఫీజుల కంటే తక్కువేం కావు. శత్రువు ఎంత పెద్దవాడైతే త్యాగం అంత పెద్దదని లోకం అనుకుంటుంది. లారీ ముందు నిలబడినవాడికీ ధైర్యం కావాలి.

వీరగల్లుల కాలంలో ఈ విషయం ఇంకోలా తేల్చారు. పశువుల మందను దొంగల నుంచి కాపాడుతూ చనిపోయినవాడికి ఊరి పొలిమేరలో రాయి నిలబెట్టేవాళ్ళు. రాయి ఒక్కటే కాదు, ఇంటివాళ్ళకు భూమి కూడా ఇచ్చేవాళ్ళు. కన్నడ శాసనాల్లో దాన్ని నెత్తురు కొడిగె అన్నారు, తమిళ శాసనాల్లో ఉదిరప్పట్టి. ఆ రాళ్ళ మీద అప్సరసలు వీరుణ్ణి స్వర్గానికి తీసుకెళ్తున్నట్టు చెక్కారు. పైలోకంలో స్వర్గం, కింద పొలం. స్వర్గం చెక్కేశాం కదా అని పొలం ఎగ్గొట్టలేదు.

అయితే వీరస్వర్గం అనే భావనలో ఓ పెద్ద ఖాళీ ఉంది. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడి ముందు రెండు దారులు పెడతాడు: చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం. మూడో దారి గురించి అక్కడ మాట లేదు. చావనూ లేదు, గెలవనూ లేదు, కాలు పోయి ఇంటికొచ్చినవాడి సంగతేమిటి? నారదుడు తన ప్రశ్నలో ఆపదలో పడ్డవాళ్ళను కూడా చేర్చింది అందుకేనేమో. అదే ఘట్టంలో గుడ్డివాళ్ళను, కుంటివాళ్ళను, అవయవం పోయినవాళ్ళను తండ్రిలా చూసుకుంటున్నావా అని కూడా అడిగాడు.

చట్టాలు ఈ మూడో మనిషి దగ్గర తడబడ్డాయి. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో, మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని అతని వయసుకు తగ్గ అంకెతో హెచ్చించేవారు. శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే సగం కాదు, 60 శాతం. బతికి ఉన్నవాడు కూడా తినాలి, మందులు వాడాలి, ఇంకొకరి సాయం కావాలి కాబట్టి చచ్చినవాడి కంటే అతనికి ఎక్కువ. మురుగు కాల్వల్లో దిగే కార్మికుల విషయంలో సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న ఇచ్చిన తీర్పు దీనికి ఎదురు దిశలో ఉంది: చనిపోతే 30 లక్షలు, శాశ్వత వైకల్యానికి 20 లక్షలు. ఆ తీర్పు ఎంతో మేలు చేసింది. 2014లో మృతుల కుటుంబాలకు అదే కోర్టు ఖాయం చేసింది 10 లక్షలే. అంతదాకా తేవడం వెనక బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. అయినా ఈ ఒక్క విషయంలో పాత చట్టం లెక్కే సరైనది. చావు ఒక్కసారి జరుగుతుంది. వైకల్యం ప్రతి ఉదయం మంచం దిగే దగ్గర మళ్ళీ మొదలవుతుంది.

ఆ 1923 చట్టానికి ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే 30 శాతం. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50. సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చెప్పే లెక్క అది, కోర్టుకు ఏదో ఒక అంకె కావాలి కాబట్టి తప్పదు. కానీ బొటనవేలు లేని చేత్తో కూతురికి జడ ఎలా వేస్తాడో ఆ పట్టికలో లేదు.

కునాల్ సింగ్ అనే ఎస్ఎస్‌బీ కానిస్టేబుల్‌కు డ్యూటీలో ఎడమకాలికి గాయమైంది. అది కుళ్ళి కాలు తీసేశారు. ఉద్యోగానికి పనికిరావని, ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చాం కాబట్టి ఇక వెళ్ళవచ్చని అన్నారు. 2003 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సర్వీసులో ఉండగా వికలాంగుడైనవాణ్ణి తీసేయకూడదు, చేయగల ఇంకో పనిలో పెట్టాలి, పోస్టు లేకపోతే సృష్టించాలి అన్నది. పెన్షన్ ఇచ్చామన్నంత మాత్రాన ఆ బాధ్యత తీరదని తేల్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లో ఇదే సూత్రం ఉంది. డబ్బుతో పాటు పనిలో చోటు కూడా బాకీయే. రోజూ యూనిఫాం వేసుకుని వెళ్ళే మనిషిని పెన్షన్ కాగితంతో ఇంట్లో కూర్చోబెడితే అతనికి మిగిలేది ఊరి జాలి ఒక్కటే.

నిజంగా వికలాంగుడివేనా అని అనుమానించడం కూడా కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఓ కుంటివాడు రోజుకు ఒక్క ఓబోల్ భత్యం నిలబెట్టుకోవడానికి సభ ముందు వాదించుకోవాల్సి వచ్చింది. లిసియస్ రాసిచ్చిన ఆ ప్రసంగం ఇప్పటికీ దొరుకుతుంది. గుర్రమెక్కి తిరుగుతున్నాడు కాబట్టి బాగానే ఉన్నాడని ఫిర్యాదు. కంచరగాడిద కొనే స్తోమత లేక అరువు గుర్రం ఎక్కుతున్నానని అతని జవాబు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 అయింది. మొత్తం పెరగడం పెద్ద ఊరట. ఆ వెంటే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన, నోటీసులు కూడా వచ్చాయి. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే. ఆ పేరుతో నిజమైనవాడు మళ్ళీ మళ్ళీ క్యూలో నిలబడి తన కుంటితనాన్ని చూపించుకోవాల్సి రావడం, అది కూడా ఊరి కోసం కాలు పోగొట్టుకున్నవాడికి, అవమానమే.

ఏ చావు డ్యూటీ చావు అన్నది మరో చిక్కు. అమెరికా 1976లో ప్రజా భద్రతా సిబ్బంది కోసం చట్టం చేసినప్పుడు చనిపోయిన అధికారి కుటుంబానికి 50,000 డాలర్లు అంది. శాశ్వత వైకల్యం 1990లో చేరింది. డ్యూటీ చేసిన 24 గంటల్లో గుండెపోటు వస్తే డ్యూటీ వల్లే వచ్చిందని భావించాలని 2003లో అంది. డ్యూటీలో చూసిన ఘోరాల వల్ల ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ కుటుంబాలను చేర్చింది 2022 ఆగస్టులో. దాదాపు అర్ధశతాబ్దం పాటు ఒక్కొక్క తలుపే తెరుచుకుంటూ వచ్చింది. మన దగ్గర ఎండలో బందోబస్తుకు నిలబడి గుండె ఆగిన కానిస్టేబుల్‌ది "సహజ మరణం" అని రాస్తే, ఆ రెండు మాటలే ఓ ఇంటి జాతకాన్ని మార్చేస్తాయి. అతని పక్కనే అదే ఎండలో నిలబడే హోంగార్డుకు నెల జీతం లేదు, దినభత్యమే. హిమాచల్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు 2015లో వాళ్ళు రెగ్యులర్ ఉద్యోగులు కారంటూనే, నెల మొత్తం మీద కానిస్టేబుల్ కనీస జీతానికి తగ్గకుండా ఇవ్వాలంది. తూటాకూ ఎండకూ లారీకీ ఉద్యోగ హోదాతో పనిలేదు. బాకీ అనుకుంటే ఊరికీ ఆ తేడా ఉండకూడదు.

కోనసీమకు ఇది పుస్తకాల్లో విషయం కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ మంట అరవై రోజులకు పైగా ఆగలేదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది. జనమంతా పారిపోతున్న వైపు నుంచి లోపలికి వెళ్ళాల్సినవాళ్ళు ఎవరో ఈ నేలకు బాగా తెలుసు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడినప్పుడు రాళ్ళ దెబ్బలు తగిలిన పోలీసులు ఇరవై మందికి పైగా ఉన్నారు. జిల్లా ఎస్పీకి కూడా గాయమైంది. జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమగా నిలిచింది. ఆ రోజు రెండు వైపులా ఎవరు ఏమన్నారో జనానికి గుర్తుంది. గాయపడిన పోలీసుల సంగతి మరునాటి పేపర్లో ఓ అంకెగా వచ్చి ఆగిపోయింది.

1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో పది మంది పోలీసులు చనిపోయిన అక్టోబర్ 21ని ఏటా అమరవీరుల దినంగా జరుపుతారు. ఆ ఉదయం పరేడ్ మైదానంలో ఏడాది కాలంలో డ్యూటీలో చనిపోయినవాళ్ళ పేర్లు, రాష్ట్రాల వారీగా, ఒక్కొక్కటే చదువుతారు. అందులో గాయపడి బతికినవాళ్ళ పేర్లు చదివే వరస లేదు. అదే రోజు, అదే మైకులో, ఆ ఏడాది వికలాంగులైనవాళ్ళ పేర్లు కూడా చదవాలి. ఎవరి ఫైలు ఏ టేబుల్ మీద ఉందో, ఎవరికి ఏ పని అప్పగించారో కూడా చెప్పాలి. చనిపోయినవాళ్ళ పేర్లు చదివినప్పుడు జనం మౌనం పాటిస్తారు. ఈ రెండో జాబితాలోని మనుషులు బతికే ఉన్నారు కాబట్టి వాళ్ళ కోసం మౌనం అక్కర్లేదు, తహసీల్దారు, ఎస్పీ, ట్రెజరీ అధికారి ఆ జాబితాకు బదులు చెబితే చాలు.